క్యారెట్ ఆకు మాడుతోందా? ముందు ఏ ఆకు మాడుతోందో చూడండి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ ఫొటోలు అన్నీ చూస్తే సగానికి పైగా క్యారెట్ ఆకు గురించే ఉన్నాయి. వారం పది రోజులు ముసురు పట్టి, ఆ తర్వాత తెల్లవారుజామున మంచు కురవడం మొదలైతే క్యారెట్ రైతుకు ఈ టెన్షన్ తప్పదు. అందుకే మిగతా పంటల ప్రశ్నలు పక్కనపెట్టి ఈ ఒక్క విషయానికే పేజీలన్నీ ఇస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలు చాలా వచ్చాయి కాబట్టి కొన్నిటిని కలిపేశాం. మీ ఊరి పేరు కనిపించకపోయినా మీ ప్రశ్నకు జవాబు వీటిలో దొరుకుతుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది చేవెళ్ల దగ్గర. ఎకరంన్నర క్యారెట్, 50 రోజుల పైరు. కింది ఆకుల అంచులు నల్లగా మాడుతున్నాయి, కొన్ని ఆకులు పూర్తిగా ముడుచుకుని ఎండిపోయాయి. పక్క పొలం అన్న యూరియా తక్కువైందంటున్నాడు, షాపులో అడిగితే వైరస్ అంటున్నారు. నీళ్లు స్ప్రింక్లర్లతో పెడతాం, సాయంత్రం పూట. ఏం కొట్టాలి?

జవాబు: తమ్ముడూ, ఏం కొట్టాలో తర్వాత చూద్దాం, ముందు మీ చేలో ఉన్నది ఏమిటో తేల్చుకుందాం. మీరు పంపిన ఫొటోల్లో మచ్చలు ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉన్నాయి, వాటికి ఒక గుండ్రటి ఆకారమంటూ లేదు, ఆకు కొసల్లోనూ అంచుల్లోనూ మొదలయ్యాయి, చుట్టూ సన్నగా పసుపు కనిపిస్తోంది. అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు మీరే రాశారు, కింది ఆకులు, అంటే ముదురు ఆకులు ముందు పోతున్నాయి, మధ్యలో మొవ్వు దగ్గరి లేత ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఇది ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమాడు తెగులు. వైరస్ కాదు. ఒక్కసారి చేలోకి వెళ్లి ఆకు కాడలు కూడా చూడండి, కాడ మీద పొడుగాటి గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ఆ కాడ మచ్చలే అసలు ప్రమాదం. ఆకు మీద మచ్చలుంటే ఆహారం తయారీ కొంత తగ్గుతుంది, కాడ చుట్టూ మచ్చ తిరిగిందంటే ఆకు మొత్తం ఒక్కసారే పడిపోతుంది, తెగులు ముదిరాక చేను దూరం నుంచి నిప్పు తగిలినట్టు కనిపించేది దీనివల్లే.

ఇప్పుడు నీళ్ల సంగతి. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే బాధ కలిగించిన మాట ఆ చివరి రెండు ముక్కలు, "సాయంత్రం పూట". ఈ శిలీంధ్రం బీజం ఆకు మీద పడ్డంత మాత్రాన తెగులు రాదు, అది మొలకెత్తి ఆకులోకి దూరాలంటే ఆకు కొన్ని గంటల పాటు తడిగా ఉండాలి. మన శీతాకాలపు వాతావరణంలో సుమారు 8 నుంచి 12 గంటల తడి దానికి సరిపోతుంది. మీరు సాయంత్రం ఆరింటికి స్ప్రింక్లర్ ఆపితే ఆకు రాత్రంతా తడిగానే ఉంటుంది, తెల్లవారుజామున దాని మీద మంచు కురుస్తుంది, ఎండ వచ్చి ఆరేసరికి తొమ్మిది దాటుతుంది. అంటే పదిహేను గంటల తడి మన చేతులతో మనమే ఇస్తున్నాం. అదే నీళ్లు పొద్దున ఏడెనిమిదింటికి మొదలుపెట్టి పదింటికల్లా ఆపేస్తే, మంచు తడి, స్ప్రింక్లర్ తడి రెండూ కలిసిపోయి మధ్యాహ్నానికి ఆకు ఆరిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. పొద్దున కరెంటు ఉండకో, బోరు ఒకటే అయి వంతులు కుదరకో సాయంత్రమే పెట్టాల్సి వస్తే, రోజూ కొంచెం కొంచెం కాకుండా నాలుగైదు రోజులకోసారి బాగా తడిచేలా పెట్టండి, తడి రాత్రుల సంఖ్య అయినా తగ్గుతుంది. మొలక వచ్చేదాకా స్ప్రింక్లరే మంచిది, కాదనను. ఆకులు కమ్ముకున్నాక మాత్రం డ్రిప్ లైన్లు వేసుకోగలిగినవాళ్లకు ఈ తెగులుతో సగం గొడవ తగ్గుతుంది.

మీ పక్క పొలం అన్న చెప్పినదాన్ని కూడా పూర్తిగా కొట్టిపారేయను. నత్రజని చాలని పైరులో ఆకులు తొందరగా ముదిరిపోతాయి, ముదిరిన ఆకునే ఈ శిలీంధ్రం ముందు పట్టుకుంటుంది, కాబట్టి ఆకలితో ఉన్న చేలో తెగులు ఉధృతంగా ఉంటుంది. 50 రోజుల పైరుకు పైపాటుగా ఇవ్వాల్సిన యూరియా ఇంకా ఇవ్వకపోతే ఇప్పుడు ఇచ్చేయండి, కొంచెం పోటాష్‌తో కలిపి. ఇచ్చేసి ఉంటే మాత్రం తెగులు చూసి కంగారుపడి ఇంకో బస్తా వేయకండి, ఆకు విపరీతంగా పెరిగి చేలో గాలి ఆడక తేమ నిలిచిపోతుంది, గడ్డ నాణ్యత కూడా పోతుంది.

మందు విషయానికి వస్తే, లీటరు నీటికి మాంకోజెబ్ 2.5 గ్రాములు లేదా క్లోరోథలోనిల్ 2 గ్రాములు కలిపి ఇప్పుడు కొట్టండి. ముసురు ఉంటే వారానికి, పొడిగా ఉంటే పది రోజులకు రెండోసారి. అప్పటికీ కొత్త ఆకుల మీదికి తెగులు ఎక్కుతుంటే అజాక్సిస్ట్రోబిన్ లీటరుకు 1 మి.లీ. లేదా డైఫెనోకొనజోల్ లీటరుకు అర మి.లీ. ఒకసారి వాడండి. డబ్బా కొనే ముందు లేబుల్ మీద క్యారెట్ పేరు ఉందా, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలని రాశారు అన్నవి షాపులోనే చదివించుకోండి. క్యారెట్ పచ్చిగా తినే కూరగాయ, మన పిల్లలే కొరుక్కుని తింటారు.

ఇంకొక్క మాట. మందు కొట్టిన మూడో రోజు కొత్త మచ్చలు కనిపిస్తే మందు పనిచేయలేదనుకోకండి. శిలీంధ్రం ఆకులోకి దూరాక మచ్చ బయటపడడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది, కాబట్టి ఈరోజు మీరు చూస్తున్న మచ్చ పోయిన వారపు తడి రాత్రిది. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. మందు కొట్టాక వచ్చిన లేత ఆకు శుభ్రంగా ఉందా లేదా అన్నదే చూడాలి.

ప్రశ్న: కార్బెండజిమ్ రెండుసార్లు కొట్టాం, మచ్చలు ఆగలేదు. మూడోసారి షాపులో మెటలాక్సిల్ – మాంకోజెబ్ కలిసిన మందు, దాంతోపాటు ఒక టానిక్, ఒక పురుగుమందు, ఏదో అమినో ఆమ్లం అని ఒక సీసా ఇచ్చి అన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టమన్నారు. కొట్టొచ్చా? – శంకరపల్లి మండలం

జవాబు: కొట్టొద్దు. దయచేసి ఆ నాలుగూ ఒక ట్యాంకులో కలపొద్దు.

కార్బెండజిమ్ చెడ్డ మందని కాదు, అది ఈ తెగులు మందు కాదు. ఆల్టర్నేరియా జాతి శిలీంధ్రాల మీద కార్బెండజిమ్ స్వభావరీత్యా పనిచేయదు, మోతాదు రెట్టింపు చేసినా పనిచేయదు. మన దగ్గర ఆకు మీద ఏ మచ్చ కనపడినా ముందు అదే చేతికి వస్తుంది, అలవాటైపోయింది. క్యారెట్లో టమాటాలో ఆకుమాడుకు దాన్ని కొట్టి ఎంతమంది డబ్బు పోగొట్టుకుంటున్నారో తలుచుకుంటే కోపం వస్తుంది, ఎందుకంటే ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉన్నదే.

మెటలాక్సిల్ కూడా అంతే. అది బూజు తెగుళ్లకు, నారుకుళ్లు, వేరుకుళ్లు తెచ్చే వేరే కోవ జీవులకు పనికొస్తుంది. ఆల్టర్నేరియా మీద దానికి బలం లేదు. మీకిచ్చిన ప్యాకెట్లో ఈ తెగులుకు పనిచేసేది అందులోని మాంకోజెబ్ ఒక్కటే, అది విడిగా చాలా చవగ్గా దొరుకుతుంది. అవసరం లేని దానికి డబ్బు ఎందుకు కట్టాలి? పురుగు కనిపించకుండా పురుగుమందు ఎందుకు? చేలో పురుగు ఉందని మీరు రాయలేదు.

మందు ఎలా కొట్టారన్నది కూడా చూసుకోండి. క్యారెట్ ఆకు సన్నటి తునకలుగా ఉంటుంది, నీటి బొట్టు నిలవకుండా జారిపోతుంది. కాబట్టి ట్యాంకులో జిగురు మందు కలపాలి. పైపైన తడిపితే లాభం లేదు, తెగులు ఉన్నది కింది ఆకుల్లో, కాడల్లో. నాజిల్ సన్నటి పొగలా చిమ్మేదై ఉండాలి, నడక నెమ్మదిగా ఉండాలి. ఈ వయసు పైరుకు ఎకరానికి దాదాపు 200 లీటర్ల నీళ్లు పట్టాలి, 16 లీటర్ల పంపుతో లెక్కేస్తే పన్నెండు పంపులు. చాలామంది ఆరేడు పంపులతో ఎకరం అయిపోయిందంటారు. అప్పుడు కింది ఆకుకు మందే అందదు, తెగులు తగ్గలేదని వారం తిరక్కుండా మళ్లీ షాపుకు వెళ్తారు.

అజాక్సిస్ట్రోబిన్, దాని కోవలోని మందులు వరసగా రెండుసార్లు కొట్టకండి. శిలీంధ్రం వాటికి త్వరగా అలవాటుపడుతుంది. ఒకసారి అది, మరుసటిసారి మాంకోజెబ్ లేదా క్లోరోథలోనిల్, అలా మార్చుతూ పోండి. పంట మొత్తానికి ఆ ఖరీదైన కోవ మందు రెండుసార్లకు మించకపోతే మంచిది.

ప్రశ్న: అమ్మా, మాది పలమనేరు వైపు. మాకు కింది ఆకులు బాగానే ఉన్నాయి, లేత ఆకుల మీద చిన్న చిన్న గుండ్రటి మచ్చలు వస్తున్నాయి. మధ్యలో బూడిద రంగు, చుట్టూ ముదురు రంగు. ఇది కూడా అదేనా?

జవాబు: అదే కాదమ్మా, దీని చుట్టమనుకోండి. మీరు గమనించిన తీరు చాలా బాగుంది, లేత ఆకులా ముదురు ఆకులా అన్నది చెప్పేవాళ్లు తక్కువ. గుండ్రటి మచ్చ, మధ్యలో లేత గోధుమ లేదా బూడిద రంగు, చుట్టూ ముదురు గీత, లేత ఆకుల మీద ముందు కనిపించడం, ఇవన్నీ సెర్కోస్పోరా ఆకుమచ్చ తెగులు గుర్తులు. మచ్చ ఆకు అంచున పడితే గుండ్రంగా కాకుండా కొంచెం సాగి, ఆకు అక్కడ మెలితిరుగుతుంది. ఇది ఆల్టర్నేరియా కంటే పంట చిన్న వయసులోనే వస్తుంది. చివరికి రెండూ ఒకే చేలో కలిసి ఉండడం కూడా మామూలే, ముదిరాక విడదీసి చెప్పడం మాకూ కష్టం.

మందుల దగ్గర పెద్ద తేడా లేదు, మాంకోజెబ్, క్లోరోథలోనిల్, కాపర్ ఆక్సీక్లోరైడ్ (లీటరుకు 3 గ్రాములు), డైఫెనోకొనజోల్ దీనికీ పనిచేస్తాయి. లేత ఆకుకు వచ్చే తెగులు కాబట్టి ఇక్కడ ఆలస్యం చేయకూడదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో క్యారెట్ రైతులకు ఒక కొలత చెబుతారు, చేలో అక్కడక్కడ ఆకులు తీసి చూసి నాలుగో వంతు ఆకుల్లో మచ్చ కనిపించగానే మొదటి మందు కొట్టమని. మన దగ్గర ముసురు పట్టిన రోజుల్లో అంతదాకా కూడా ఆగొద్దని నా అభిప్రాయం. చేనంతా ఐదారు చోట్ల తిరిగి, ఒక్కో చోట పది ఆకులు తిప్పి చూడండి. ప్రతి చోటా ఒకటో రెండో మచ్చ ఆకులు దొరుకుతూ, మబ్బు వదలకుండా ఉంటే మొదలుపెట్టేయండి.

అయితే ఒక్క విషయం పరీక్షించుకోండి. పొద్దున మంచు ఆరకముందే కాడల మీద వేలితో రుద్ది చూడండి. జిగటగా, తేనె రంగు బంకలాగా తగిలితే, మచ్చలు నీరు పట్టినట్టు ఉండి చుట్టూ పసుపు వెడల్పుగా కనిపిస్తే అది శిలీంధ్రం కాదు, జాంథోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఆకుమాడు. చూపుకు ఆల్టర్నేరియాలాగే ఉంటుంది, చాలామంది మోసపోతారు. దానికి అజాక్సిస్ట్రోబిన్ కొట్టినా డైఫెనోకొనజోల్ కొట్టినా నీళ్లు కొట్టినట్టే. రాగి మందు ఒక్కటే కొంతవరకు ఆపుతుంది, అదీ తొలిదశలో.

తేల్చుకోలేకపోతే మచ్చలున్న ఆకులు నాలుగు తీసి, తడి చేసి పిండిన దూదితో కలిపి శుభ్రమైన పాలిథిన్ కవరులో కట్టి ఒకటి రెండు రోజులు ఇంట్లో నీడన ఉంచండి. శిలీంధ్రమైతే మచ్చ మీద సన్నటి నూగు లేస్తుంది, ఆల్టర్నేరియాకు నల్లగా, సెర్కోస్పోరాకు బూడిద రంగులో. నూగు లేవకపోతే తాజా ఆకులు పొడి కాగితంలో చుట్టి దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లండి, మైక్రోస్కోపులో చూసి చెప్పేస్తారు. వెళ్లలేనివాళ్లు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: గట్ల మీద వయ్యారిభామ విపరీతంగా ఉంది. దాని ఆకు అచ్చం క్యారెట్ ఆకులాగే ఉంటుంది కదా, తెగులు దాని నుంచే వస్తోందని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఆకు పోలికే తప్ప రెండిటికీ చుట్టరికం లేదు, వయ్యారిభామ పొద్దుతిరుగుడు కుటుంబం మొక్క. అయినా పీకేయండి, దాని వల్ల మనుషులకు, పశువులకు వచ్చే దురదలు, అలర్జీలు చాలు పీకడానికి. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని.

మీ చేనుకు తెగులు వచ్చేది అసలు మూడు దారుల్లో. విత్తనంతో, పాత క్యారెట్ ఆకు చెత్తతో, పక్కన ఉన్న ముదురు క్యారెట్ చేనుతో. మూడోది మన దగ్గర ఎక్కువ. మార్కెట్లో రేటు చూసుకుని పదిహేను ఇరవై రోజులకో మడి చొప్పున విత్తుతాం కదా, అప్పుడు ముదురు మడి మీద తయారైన బీజాలు గాలికి, వాన తుంపరకు లేత మడి మీద పడతాయి. వీలైతే కొత్త మడిని పాత మడికి ఆనుకుని వేయకండి, గాలి వచ్చే వైపు వేయండి, మధ్యలో వేరే పంట ఏదైనా పెట్టండి. ఆ వేరే పంట కొత్తిమీర మాత్రం కాకూడదు, అది క్యారెట్ కుటుంబమే.

ప్రశ్న: మేం చింతపల్లి కొండ ప్రాంతంలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం. రసాయనాలు వాడం. పుల్లటి మజ్జిగ, శొంఠిపాల కషాయం కొడుతున్నాం. చలికాలంలో మంచు వల్ల ఆకు మాడుతోంది. ఇంకేం చేయొచ్చు?

జవాబు: మీ పద్ధతిని నేను గౌరవిస్తాను, అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మజ్జిగ, కషాయాలు మచ్చలు రాకముందు నుంచి క్రమం తప్పకుండా కొడితే కొంత అడ్డుపడొచ్చు. ఆకులు మాడడం మొదలయ్యాక వాటితో ఆపగలమని నేను ఏ రైతుకూ మాటివ్వలేను. మీ కొండ మీద పొగమంచు పొద్దున చాలాసేపు కదలదు, అంటే ఆకు తడి గంటలు మైదానం కంటే ఎక్కువ. కాబట్టి మీ అసలు ఆయుధం మొక్కల మధ్య దూరం. వెదజల్లి వదిలేయకుండా వరసల్లో విత్తండి, వరసకూ వరసకూ అడుగు, విత్తిన మూడు నాలుగు వారాలకు పలచన చేసి మొక్కకూ మొక్కకూ నాలుగంగుళాలు ఉంచండి. చేను పలచగా ఉండి గాలి ఆడితే ఎండ తగిలిన అరగంటలో ఆకు ఆరుతుంది. ఎత్తు మడుల మీద వేస్తే ఇంకా మంచిది. గాలి ఆడని పల్లపు మూలల్లో, చెట్ల నీడ పడేచోట క్యారెట్ వేయకండి.

విత్తనానికి ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు చేసే శిలీంధ్రం) పట్టించడం, చివికిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి వారం మగ్గబెట్టి ఆఖరి దుక్కిలో వేయడం మీ పద్ధతిలో చేయదగ్గవే. ఆకు మీద బాసిల్లస్ సబ్టిలిస్ లేదా సూడోమోనాస్ (రెండూ మేలు చేసే బ్యాక్టీరియాలే) పొడి లీటరుకు 10 గ్రాములు కలిపి సాయంత్రం పూట కాకుండా, మంచు ఆరాక పొద్దున కొట్టండి, పది రోజులకోసారి.

బోర్డో మిశ్రమం సేంద్రియ సాగులో చాలాచోట్ల అనుమతి ఉన్న మందు, మీ సంఘం నియమాలు ఒప్పుకుంటే అది నిజంగా పనిచేస్తుంది. ఒక శాతం మిశ్రమానికి మైలుతుత్తం ఒక కిలో, మంచి సున్నం ఒక కిలో, నీళ్లు 100 లీటర్లు. రెండిటినీ ప్లాస్టిక్ డ్రమ్ముల్లో విడివిడిగా కలిపి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోయాలి, సున్నాన్ని తుత్తంలో పోయకూడదు. మెరుస్తున్న ఇనుప కత్తిని అందులో కాసేపు ముంచండి, తుప్పు రంగు అంటితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపండి, లేకపోతే ఆకు మాడుతుంది. కలిపిన రోజే కొట్టేయాలి, మర్నాటికి దాచొద్దు. లేత మొక్కల మీద ముందు నాలుగు మొక్కలకు కొట్టి రెండు రోజులు చూశాక చేనంతా కొట్టండి.

ప్రశ్న: మదనపల్లె దగ్గర మాది. జనవరిలో వేసిన క్యారెట్ ఆకుల మీద తెల్లటి పొడి వస్తోంది. వానలే లేవు, తెగులు ఎందుకొచ్చింది?

జవాబు: ఇది బూడిద తెగులు, దీని స్వభావం వేరు. ఆకు మీద నీరు నిలవక్కర్లేదు, పగలు పొడిగా ఉండి రాత్రి గాలిలో తేమ ఉంటే చాలు. అందుకే వానలు పోయాక వస్తుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి తెల్ల పొడి మొదటిసారి కనిపించగానే కొట్టండి, పదిరోజులకు మళ్లీ. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం ఆకును మాడుస్తుంది, ఫిబ్రవరి చివరికి జాగ్రత్త. వేపనూనె కొట్టి ఉంటే రెండు వారాలు ఆగాకే గంధకం. పైరు నీటి ఎద్దడికి గురైతే ఈ తెగులు పెరుగుతుంది కాబట్టి తడులు తప్పించకండి.

ప్రశ్న: మా క్యారెట్లో ఆకు ఎర్రగా, ఊదాగా మారుతోంది, మొవ్వులో సన్నటి ఆకులు గుత్తిగా వస్తున్నాయి. మచ్చల్లేవు. గడ్డ మీద వెంట్రుకల్లాంటి వేర్లు. ఏ శిలీంధ్రనాశిని వాడాలి?

జవాబు: ఏదీ వద్దు, డబ్బు దాచుకోండి. మచ్చ లేకుండా ఆకు ఎర్రబడి, మొవ్వు గుబురై, గడ్డకు నూగు వేర్లు వస్తే అది దీపపు పురుగులు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా (బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి) తెగులు అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటి మొక్కలు పీకి చేను బయట పూడ్చండి, గట్ల మీద కలుపు తీయండి. ఒకవేళ వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు కూడా ఉంటే నులిపురుగులు, అప్పుడు మళ్లీ రాయండి, దానికి జవాబు వేరే ఉంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మేడ మీద గ్రో బ్యాగుల్లో క్యారెట్ వేశాను. ఆకుల మీద నల్ల మచ్చలు. ఆకులు పప్పులో, పచ్చడిలో వాడతాం కాబట్టి మందులు కొట్టడం ఇష్టం లేదు.

జవాబు: కొట్టక్కర్లేదు. మచ్చలున్న కింది ఆకులు కత్తెరతో కాడ మొదట్లో కోసి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో వద్దు. నీళ్లు పైపుతో ఆకుల మీద చల్లకుండా మట్టి మీద, పొద్దున పోయండి. బ్యాగులు గోడకు ఆనించి దగ్గరదగ్గరగా పెట్టి ఉంటే జరపండి. ఒక్కో బ్యాగులో మొక్కలు పలచన చేయండి. మూడో వంతు కంటే ఎక్కువ ఆకు ఒకేసారి కోసేయకండి, గడ్డ ఊరదు. తర్వాతి విడతకు ఆ బ్యాగుల్లో ముల్లంగో పాలకూరో వేసి, క్యారెట్‌ను వేరే మట్టిలో వేయండి.

ప్రశ్న: 80 రోజుల పైరు, ఆకు బాగా మాడింది. ఇంకో పది పదిహేను రోజుల్లో తవ్వాలి. ఇప్పుడు మందు కొడితే లాభముందా? తవ్వాక ఆకు గేదెలకు వేయొచ్చా?

జవాబు: ఈ వయసులో మందు కొట్టొద్దు. గడ్డ ఊరడం దాదాపు అయిపోయింది, పెట్టిన ఖర్చు తిరిగి రాదు, పైగా గడ్డ మీద మందు అవశేషం మిగులుతుంది. మీకు ఇప్పుడు వచ్చే నష్టం వేరే చోట ఉంది, కాడలు తెగులుతో బలహీనపడి ఉంటాయి కాబట్టి కూలీలు పట్టుకుని లాగితే ఆకు చేతికొచ్చి గడ్డ నేలలోనే ఉండిపోతుంది. ముందు రోజు తేలికపాటి తడి ఇచ్చి, వరస పక్కన గడ్డపారతోనో నాగలితోనో నేల వదులు చేయించి అప్పుడు లాగించండి. ఆకు మరీ పోయిన మడులు ఉంటే వాటిని ముందు తవ్వేయండి, బాగున్నవి ఆగుతాయి.

గేదెలకు వేసే విషయంలో, చివరిసారి ఏ మందు ఎప్పుడు కొట్టారన్నది గుర్తు తెచ్చుకోండి. లేబుల్ మీద కోతకు ముందు ఆగాల్సిన రోజులు దాటకపోతే ఆ ఆకు పాడి పశువులకు వేయొద్దు, పాలలోకి వస్తుంది. మందు కొట్టని చేను ఆకైతే మామూలు పచ్చిమేతతో కలిపి వేయండి, మాడి కుళ్లినవి ఏరి పారేయాలి. మిగిలిన ఆకు చెత్తను గట్టు మీద కుప్ప పోయకుండా లోతుగా దున్ని నేలలో కలిపేయండి. ఆకు పూర్తిగా చివికితే శిలీంధ్రం బతకదు, ఎండి పైన తేలిన తునకల్లోనే అది తర్వాతి పంట దాకా ఆగుతుంది. ఆ నేలలో రెండు మూడేళ్లు మళ్లీ క్యారెట్ వేయకండి, మొక్కజొన్న, చిక్కుడు, క్యాబేజీ, ఉల్లి ఏదైనా వేయొచ్చు.

ప్రశ్న: వచ్చే పంటకు విత్తనం దగ్గరే జాగ్రత్త పడాలంటే ఏం చేయాలి? వేడి నీటి శుద్ధి అంటున్నారు, ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు, థర్మామీటరు ఉంటేనే. చేతితో ముట్టుకుని చూసి అంచనా వేస్తే మాత్రం విత్తనం చచ్చిపోతుంది, లేదా తెగులు చావదు. ఇది రంగు మందు పట్టించి సీల్ చేసి అమ్మే హైబ్రిడ్ విత్తనానికి చేయకూడదు, దానికి శుద్ధి కంపెనీయే చేసి ఉంటుంది. సొంతంగా కట్టుకున్న విత్తనానికో, విడిగా కొన్న పూసా కేసర్ లాంటి రకాలకో చేయండి. పాత విత్తనమైతే వద్దు, మొలక దెబ్బతింటుంది.

ఇంకో సలహా, ముసురు కాలంలో విత్తేవాళ్లు కురోడా కోవకు చెందిన రకాలు చూడండి, అవి వేడినీ ఆల్టర్నేరియానూ నాంటెస్ రకాల కంటే బాగా తట్టుకుంటాయి. పూర్తిగా రాదని కాదు, ఆలస్యంగా వస్తుంది, మందు ఒకటి రెండుసార్లు తగ్గుతుంది.

వేడి నీటి పద్ధతి ఇది. విత్తనాన్ని పలచటి బట్టలో వదులుగా మూట కట్టండి, బిగించి కడితే మధ్యలోకి వేడి అందదు. ముందు పది నిమిషాలు గోరువెచ్చటి నీటిలో, సుమారు 37 డిగ్రీలు ఉండేలా ఉంచండి. తర్వాత సరిగ్గా 50 డిగ్రీల నీటిలో 20 నిమిషాలు, మూటను కదుపుతూ ఉండాలి, థర్మామీటరు చూస్తూ అవసరమైతే వేడి నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ వేడి తగ్గకుండా చూడాలి, అయితే వేడి నీళ్లు మూట మీద నేరుగా పోయకూడదు. గిన్నె పెద్దదైతే వేడి నిలుస్తుంది. తీసిన వెంటనే చల్లటి నీటిలో ఐదు నిమిషాలు ముంచి, కాగితం మీద పలచగా పరిచి నీడలో ఆరబెట్టండి. మొదటిసారి చేసేవాళ్లు వంద గింజలతో చేసి, తడి గోనెలో మొలక చూసుకుని, ఆ తర్వాతే మిగతా విత్తనం ముట్టుకోండి. బాగా ఆరాక కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి పట్టించి, దాచకుండా ఆ వారంలోనే విత్తేయండి.